హీట్ పంపుకి కట్టిన ఇల్లు

మూడోసారి ఫోన్ వచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. గున్‌వర్ మీద కాదు, నా మీద నాకే.

"సోల్‌రున్, మళ్ళీ గడ్డకట్టింది," అంది ఆవిడ. అంతే. గున్‌వర్ రెండో మాట మాట్లాడే మనిషి కాదు. డెబ్బై ఎనిమిదేళ్ళు. మా అమ్మతో కలిసి ముప్ఫై ఏళ్ళు చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టుకుని నిలబడింది. చిన్నప్పుడు నా చేతికి తొడుక్కోడానికి ఉన్ని తొడుగులు అల్లిచ్చింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు కాస్త తేలికపడేది.

నార్వే ఉత్తర తీరంలో ఉన్న ఈ దీవిలో ఇరవై ఆరేళ్ళుగా నా పని ఇదే. చేపల గోదాముల్లో శీతల గదులు, ఇళ్ళల్లో హీట్ పంపులు. బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి ఇంట్లోకి పంపే ఈ యంత్రం లేని ఇల్లు మా దగ్గర వెతికినా దొరకదు. నా చేతిమీదుగా బిగించినవే రెండొందలు దాటాయి. ఒకే పంపు దగ్గరికి ఒకే నెలలో మూడుసార్లు వెళ్ళడం మాత్రం ఇదే మొదలు.

మొదటిసారి సెన్సరు మార్చాను. రెండోసారి సర్క్యూట్ బోర్డు మార్చాను. రెండుసార్లూ నా కళ్ళముందు అది బుద్ధిగా తిరిగింది. రెండుసార్లూ "ఇంక దీని సంగతి మర్చిపో గున్‌వర్" అని గొప్పలు పోయి, ఆవిడ వేసిన వాఫిల్స్ తిని, దర్జాగా వచ్చేశాను. నేను వచ్చిన రెండో రోజుకి అది మంచుముద్ద. చలికాలంలో బయటి పెట్టె మీద మంచు పట్టడం మామూలే. గంటకో రెండు గంటలకో అది పని ఆపి, తనకు తానే వేడెక్కి, ఆ మంచు కరిగించుకుని మళ్ళీ మొదలెడుతుంది. ఇది మాత్రం కరిగించుకోడానికే పుట్టినట్టు పొద్దస్తమానం అదే పనిలో ఉంటోంది. ఇంట్లోకి వేడి పంపే తీరిక దానికి లేదు.

పనిముట్ల పెట్టె సర్దుకుని వ్యాన్ ఎక్కాను. అది బుధవారం. గురువారం మధ్యాహ్నం ఐలిఫ్ తిరిగి ఇంటికి రావాలి.

ఐలిఫ్ గున్‌వర్ భర్త. యాభై ఏళ్ళు పడవలు కట్టాడు. ఆ చెక్కపొట్టు, ఆ రంగులు, ఆయన మానని పొగాకు, అన్నీ కలిసి ఊపిరితిత్తుల్ని తినేశాయి. నవంబరు నుంచి ఫెర్రీ పడవలో వెళ్ళే అవతలి ఒడ్డున మునిసిపాలిటీ సంరక్షణ కేంద్రంలో ఉన్నాడు. ఇంటికి పోతానని రోజూ పోరు. డాక్టరు చివరికి సరేనన్నాడు. కానీ ఆక్సిజన్ యంత్రం వెంట ఉండాలి. ఆక్సిజన్ ఉన్న ఇంట్లో కట్టెల పొయ్యి వెలిగించడానికి వీల్లేదు. కరెంటు హీటర్లు రెండున్నాయి, రెండూ ఒకేసారి వేస్తే ఆ పాత ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోతుంది. అంటే మిగిలింది హీట్ పంపు ఒక్కటే. ఇంటింటికీ తిరిగే నర్సు హెర్‌దిస్ ముందే తేల్చి చెప్పింది: గురువారం పన్నెండింటికి ఆయన మంచం పక్కన ఇరవై డిగ్రీలు ఉంటేనే బండి బయల్దేరుతుంది. లేకపోతే అక్కడే ఒక గది ఖాళీగా ఉంది, అది ఆయనకి శాశ్వతంగా ఇచ్చేస్తారు. ఆ గదుల్లోకి వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి ఫెర్రీ ఎక్కలేదు.

నేను వెళ్ళేసరికి గున్‌వర్ ఇంట్లోనే కోటు వేసుకుని ఉంది. హాల్లో పద్నాలుగు డిగ్రీలు. కిటికీ పక్కన కొత్త మంచం, ఉతికిన దుప్పటి, దాని మీద ఆయన ఉన్ని స్వెట్టరు మడతపెట్టి ఉంది.

"కాఫీ పెట్టనా?" అంది.

"వద్దు. ఇవాళ అది నాకు లొంగేదాకా నీ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను."

"పిచ్చి మాటలు మాట్లాడకు పిల్లా. ఫ్లాస్కులో పోసిస్తాను, పట్టుకెళ్ళు."

యాభై రెండేళ్ళొచ్చినా ఆవిడకి నేను పిల్లనే. ఫ్లాస్కు పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్ళాను.

ఐలిఫ్ ఆ హీట్ పంపుకి ఒక ఇల్లు కట్టాడు. మా వీధిలో అందరూ కడతారు. అంత పెద్ద తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఇంటి గోడకి వేలాడుతుంటే మావాళ్ళకి తలకొట్టేసినట్టుంటుంది. చుట్టూ చెక్కలు కొట్టి, ఇంటి రంగే వేసి, దానికో బుల్లి పైకప్పు పెట్టుకుంటారు. అయితే ఐలిఫ్ కట్టింది అందరూ కట్టినట్టు కాదు. ఎర్రరంగు గోడలు, తెల్లటి అంచులు, చేప పొలుసుల్లా పేర్చిన చెక్కపెంకుల కప్పు, పక్కన తలుపు ఆకారం, దానికి గోరంత ఇత్తడి పిడి. ముందు వైపు గాలి రావడానికి వాలుగా పేర్చిన పలకలు. వేసవిలో వచ్చే టూరిస్టులు దాన్ని ఫోటోలు తీసుకుంటారు.

రెండుసార్లు వచ్చినప్పుడు నేనేం చేశానంటే, ముందువైపు పలకల చట్రాన్ని ఎత్తి పక్కన పెట్టి, పని చేసుకుని, అంతా తిరుగుతోందని చూసుకుని, చట్రం మళ్ళీ బిగించి వెళ్ళిపోయాను. ఈసారి దాన్ని ముట్టుకోకూడదని నిర్ణయించుకున్నాను. నేను ఉన్నంతసేపూ బాగుండి, వెళ్ళగానే పాడవుతోందంటే, నేను లేనట్టే దాన్ని చూడాలి. ఒక ఉష్ణమాపకం తీగ పలకల సందులోంచి లోపలికి దూర్చాను. ఇంకోటి కంచెకి కట్టాను. చేపల పెట్టె బోర్లించుకుని, టార్చి పెట్టుకుని, సందులోకి కళ్ళు పెట్టి కూర్చున్నాను. మంచు పట్టడం నుంచి కరగడం దాకా ఒక పూర్తి వరస చూడనిదే లేవనని పంతం పట్టాను.

పది నిమిషాలు గడిచాయో లేదో కంచె మీద పెడెర్ తల కనపడింది. పక్కింటివాడు, రిటైరైన ఫెర్రీ డ్రైవరు, చేతిలో కాఫీ కప్పు లేకుండా నేను వాణ్ణి ఎప్పుడూ చూడలేదు.

"ఏం సోల్‌రున్, దానికి జోలపాట పాడుతున్నావా?"

"నీ కాఫీ నువ్వు తాగు పెడెర్."

"మూడోసారి కదూ. మా బావమరిదికి యూట్యూబు చూసి బాగుచేసే కుర్రాడెవరో తెలుసట. నంబరు ఇవ్వనా?"

"ఇవ్వు. నీ హీట్ పంపు చచ్చిపోయినప్పుడు వాణ్ణే పిలుచుకుందువుగాని."

"నాదీ మొన్నట్నుంచి మూలుగుతోందిలే," అన్నాడు గొంతు తగ్గించి. వాడి పంపుకీ ఇలాంటి చెక్క గూడు ఉంది, ఆకుపచ్చది. ఆ మాట నేను పెద్దగా పట్టించుకోలేదు. నా కళ్ళు రెండు ఉష్ణమాపకాల మీద ఉన్నాయి.

కంచె మీద మైనస్ అయిదు. గూడు లోపల మైనస్ ఏడు. కాసేపటికి మైనస్ తొమ్మిది. ఆ తర్వాత మైనస్ పన్నెండు.

ఒకసారి తీగ ఊడిందేమోనని చూశాను. ఊడలేదు. బయట ఏమాత్రం చలి పెరగలేదు. చలంతా ఆ బుల్లి ఇంట్లోనే పుడుతోంది. పంకా ముందుకి ఊదిన చల్లటి గాలి పలకలకి కొట్టుకుని, బయటికి పోలేక, పక్కల నుంచి వెనక్కి తిరిగి, పంపు నోట్లోకే వెళ్ళిపోతోంది. వేడి లాగేసి వదిలిన గాలినే మళ్ళీ పీలిస్తే అందులో ఏముంటుంది? ముప్ఫై అయిదో నిమిషానికి పంకా ఆగింది. అది తనని తాను కరిగించుకోవడం మొదలెట్టింది. ఆవిరి లేచింది, పోయే దారి లేక పలకల లోపలి వైపు తెల్లగా పేరుకుంది. కారిన నీళ్ళు సగం దారిలోనే గడ్డకట్టాయి. పంకా మళ్ళీ తిరిగేసరికి పాత మంచు మీద కొత్త మంచు.

సెన్సరు తప్పు లేదు. బోర్డు తప్పు లేదు. నేను మార్చిన రెండు సామాన్లూ నిక్షేపంలాంటివి. నేను చట్రం తీసి పనిచేసిన ప్రతిసారీ దానికి గాలి ఆడింది కాబట్టి బాగా తిరిగింది. బిగించి వెళ్ళగానే మళ్ళీ ఉక్కిరిబిక్కిరైంది. ఇరవై ఆరేళ్ళ అనుభవం అని చెప్పుకుని తిరుగుతాను. సిగ్గుతో నా చెవులు కాలాయి.

మరి గూడు కట్టాక నాలుగు చలికాలాలు ఎలా నడిచింది? టార్చి దగ్గరగా పెట్టి చూశాను. పలకల మధ్య పలకలు. పాతవాటి ఎరుపు ఎండకి వెలిసింది. వాటి సందుల్లో పేర్చిన ఏడు పలకలు మాత్రం కొత్త రంగుతో మెరుస్తున్నాయి. ఇదివరకు చెయ్యి దూరేంత ఉన్న సందు ఇప్పుడు వేలు దూరేంత ఉంది. రెండుసార్లు ఆ చట్రాన్ని చేతుల్తో ఎత్తి పక్కన పెట్టినదాన్ని, ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు.

వంటింట్లోకి వెళ్ళి గున్‌వర్ ఎదురుగా కూర్చున్నాను.

"కారణం దొరికింది. గూడు తీసెయ్యాలి."

ఆవిడ నన్ను చూసింది. "ఏ గూడు?"

"ఆ ఎర్ర గూడే. గోడలన్నీ. దానికి గాలి ఆడట్లేదు."

"కుదరదు."

"గున్‌వర్..."

"ఇంకేదైనా చెయ్యి. ఇంకో బోర్డు వెయ్యి. కొత్త పంపు తెప్పించు. దాన్ని ముట్టుకోకు."

"కొత్త పంపు పెట్టినా ఆ గూట్లో దాని గతీ ఇంతే."

"ముందున్న చట్రం ఒక్కటీ తీసేస్తే చాలదా? నువ్వొచ్చినప్పుడు తీసేదానివి కదా."

"ఇవాళ సాయంత్రం నుంచి నైరుతి తుఫాను. మూడు వైపులా గోడలుండి ముందు తెరిచి ఉంటే తెల్లారేసరికి అందులో మంచు కూరి పెట్టినట్టుంటుంది. కొత్త పలకలు ఏడూ ఊడదీసినా అంతే, సందుల్లోంచి కొట్టిన మంచు ఆ గోడల మధ్యే ఇరుక్కుంటుంది. కప్పు ఉంచుకో, నాలుగు కాళ్ళ మీద ఉండనీ. గోడలు మాత్రం పోవాలి. రంపం తెచ్చాను, గంట పని."

రంపం అనేసరికి ఆవిడ మొహం మాడిపోయింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నాకు వీపు చూపించి నిలబడింది.

"ఆ ఏడు పలకలు అక్టోబరులో వేశాడు," అంది. "నైరుతి గాలికి మంచు లోపలికి కొడుతోందని. నేను పార పట్టుకుని తవ్వాల్సి వస్తుందని. ఒక పలక చిత్రిక పట్టడం, కూర్చోవడం. ఇంకో రెండుసార్లు తొయ్యడం, కూర్చోవడం. ఏడు పలకలకి పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నువ్వు రంపం పెడతానంటున్నది దానికి."

అంత పొడుగు మాట ఆవిడ నోట నేను ఎప్పుడూ వినలేదు. ఆవిడ చలిలో పార పట్టకూడదని ఆయన వేసిన పలకలే ఇవాళ ఆయన్ని ఇంటికి రానివ్వట్లేదు. ఆ మాట నేను అనలేదు. అనక్కర్లేదు, ఆవిడకి అప్పటికే అర్థమైపోయింది.

"నీకు ఇంకో సంగతి చెప్పాలి," అన్నాను. "అయిదేళ్ళ క్రితం గూడు కట్టగానే ఐలిఫ్ నన్ను పిలిచి చూపించాడు, గుర్తుందా. పంపుతో వచ్చిన కాగితంలో చుట్టూ ఎంత ఖాళీ ఉంచాలో రాసి ఉంది. ఆ ఖాళీ లేదని నాకు ఆ రోజే కనపడింది. అంత అందంగా ఉంటే నోరు రాలేదు. నీ వాఫిల్స్ తింటూ, నా ఇల్లు కూడా ఇంత బాగా లేదు ఐలిఫ్ అన్నాను. తప్పు ఆయనది కాదు. నాది."

గున్‌వర్ తిరగలేదు. "నీది అయితే నువ్వే ఇంకో దారి చూడు," అంది.

ఇంకో దారి లేదు. ఆ సంగతి ఎలా చెప్పాలా అని చూస్తుంటే కిటికీ గట్టు మీద సెల్‌ఫోన్ మోగింది. గంట ఒకటైంది. ఐలిఫ్ రోజూ ఒంటిగంటకి భోజనం అయ్యాక ఫోన్ చేస్తాడు.

ఆవిడ నా వైపు వేలు చూపించింది, నోరెత్తొద్దన్నట్టు. ఫోన్ తీసింది. స్పీకర్లోంచి ముందు ఆక్సిజన్ బుసబుస, తర్వాత ఆయన గొంతు వినపడ్డాయి.

"ఎలా ఉంది. ఇల్లు."

"బాగుంది. వెచ్చగా ఉంది. చేపల కూర చేస్తున్నా రేపటికి."

"కోటు వేసుకుని. చేస్తున్నావా."

ఆవిడ గబుక్కున కోటు జిప్పు కిందికి లాగింది.

"జిప్పు. వినపడుతోంది. యాభై నాలుగేళ్ళయింది నీతో. నాకు చెప్తావా అబద్ధం." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "సోల్‌రున్ వ్యాన్ ఉందటగా. పెడెర్ ఫోన్ చేశాడు. ఇవ్వు దానికి."

పెడెర్‌ని మనసులో తిట్టుకున్నాను. తర్వాత దీవించాను. గున్‌వర్ ఫోన్ ఇవ్వలేదు, కానీ బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి తీసుకుంది. ఇంక నేను నసగదలచుకోలేదు. రేపు పన్నెండింటికి ఇంకా ఇరవై మూడు గంటలే ఉన్నాయి.

"ఐలిఫ్, కంచె దగ్గర మైనస్ అయిదు, నీ గూట్లో మైనస్ పన్నెండు. అది వదిలిన గాలినే మళ్ళీ పీల్చుకుంటోంది. నువ్వు కొత్తగా వేసిన ఏడు పలకలు గాలిని బయటికి పోనివ్వట్లేదు."

ఫోన్లో బుసబుస జోరెక్కింది.

"అంటే. దాని ముక్కు నేనే మూశాను."

"నేను మొదట్లోనే చెప్పాల్సింది. చెప్పలేదు."

"చెప్పినా. వినేవాణ్ణి కాదులే." దగ్గు వచ్చింది, ఆగింది. "ఊపిరాడకపోవడం అంటే ఏంటో ఈ దీవిలో నాకు తెలిసినంత ఎవడికి తెలుసు. చూడు, నాకే తట్టలేదు."

గున్‌వర్ కుర్చీలో కూలబడి కోటు మీద చుట్టుకున్న శాలువా అంచుతో కళ్ళు తుడుచుకుంది. నేనూ కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయన మాత్రం మాకు ఏడ్చే తీరిక ఇవ్వలేదు.

"సోల్‌రున్. రంపం తెచ్చావా."

"తెచ్చాను."

"వ్యాన్లో పెట్టెయ్. దాంట్లో ఒక్క మేకు లేదు. అన్నీ చెక్క చీలలు. విప్పడానికి వచ్చేట్టే కట్టాను. విప్పరానిది కట్టడం తెలియదు నాకు. గున్‌వర్."

"ఆఁ."

"నా చెక్క సుత్తి ఎక్కడుందో తెలుసుగా. నువ్వు కొట్టు. సోల్‌రున్ చెయ్యి బరువు."

ఆ మాటకి నాకు పౌరుషం వచ్చింది, కానీ నోరు మూసుకున్నాను. గున్‌వర్ అప్పటికే షెడ్డు వైపు నడుస్తోంది.

ఫోన్‌ని ఒక ఉన్ని తొడుగులో దూర్చి చేపల పెట్టె మీద నిలబెట్టాం. పగటి వెలుగు ఇంకో గంట ఉంటుందేమో. ఐలిఫ్ అవతల కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని చెప్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. గూడు ఆయన కళ్ళముందు ఉన్నట్టే చెప్పాడు.

"ఉత్తరం మూల. పైనుంచి రెండో చీల. బయట్నుంచి కాదు. లోపల్నుంచి కొట్టాలి. అది ఊడితేనే మిగతావి కదుల్తాయి."

గున్‌వర్ చట్రం తీసేసిన చోటునుంచి చెయ్యి లోపలికి పెట్టి కొట్టింది. కదల్లేదు.

"మంచు పట్టింది దానికి," అన్నాను.

"గోరువెచ్చటి నీళ్ళు పొయ్యి. ఆగు. ఇప్పుడు కొట్టు. భయపడకు గున్‌వర్, నిన్నేమీ అనదు."

ఆవిడ పళ్ళు బిగించి కొట్టింది. మూడో దెబ్బకి చీల టక్కుమని బయటికి దూకి మంచులో పడింది. ఆ చప్పుడు ఫోన్లోంచి ఆయనకీ వినపడింది.

"అదీ," అన్నాడు. అంత సంతోషంగా ఆయన గొంతు వినపడి ఎన్నాళ్ళయిందో.

తర్వాత ఒకదాని వెనక ఒకటి చెప్పాడు. దక్షిణపు గోడ పైకి ఎత్తి లాగాలి, పక్కకి కాదు. తలుపు ఆకారం విడిగా వస్తుంది, ఇత్తడి పిడి జాగ్రత్త. మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఒకసారి ఆ కేంద్రంలో నర్సమ్మాయి వచ్చి, పడుకోండి, చాలా మాట్లాడుతున్నారు అంది. "పనిలో ఉన్నాను, తర్వాత రా," అన్నాడు ఆమెతో. పెడెర్ ఎప్పుడొచ్చాడో తెలియదు, కప్పు కంచె మీద పెట్టి వచ్చి, ఎత్తమన్న గోడ ఎత్తాడు, పెట్టమన్న చోట పెట్టాడు. వాడు గంటసేపు జోకు వెయ్యకుండా ఉండడం ఆ రోజే చూశాను.

చీకటి పడేసరికి నాలుగు కాళ్ళ మీద చెక్కపెంకుల కప్పు, దాని కింద బోసిగా తెల్ల డబ్బా మిగిలాయి. నేను బకెట్ల కొద్దీ గోరువెచ్చటి నీళ్ళు పోసి పంపు లోహపు రెక్కల మధ్య మంచు కరిగించాను. వేడినీళ్ళు పొయ్యమని పెడెర్ తొందరపెట్టాడు. పల్చటి రెక్కలు పాడైపోతాయి, వాటి జోలికి వెళ్ళకు అన్నాను. అడుగు పళ్ళెంలో వేలెడు మందాన పేరుకున్న గడ్డని చేతుల్తో ఊడబెరికాను. వేళ్ళు మొద్దుబారిపోయాయి. అయినా ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టగలనో లేదోనని భయం.

పంపు ఆన్ చేశాను. పంకా తిరిగింది. గడియారం పెట్టుకుని కూర్చున్నాను. ముప్ఫై అయిదు నిమిషాలు అయ్యాయి, ఆగలేదు. గంట అయింది, ఆగలేదు. తుఫాను మొదలై నా టోపీ ఎగరగొట్టింది. గంటా నలభై నిమిషాలకి ఆగి, నాలుగంటే నాలుగు నిమిషాల్లో శుభ్రంగా కరిగించుకుని, మళ్ళీ ఎత్తుకుంది. హాల్లో పదహారు. నేను ఇంటికి బయల్దేరేటప్పుడు పదిహేడు. గున్‌వర్ పెట్టిన కాఫీ అప్పుడు తాగాను.

పొద్దున్న ఏడింటికి ఫోన్ మోగింది.

"ఇరవై ఒకటి," అంది గున్‌వర్. పెట్టేసింది.

నన్నెవరూ పిలవలేదు. అయినా పన్నెండింటికి అక్కడున్నాను. నర్సు హెర్‌దిస్ మంచం పక్కన తన ఉష్ణమాపకం పెట్టి, చేతులు కట్టుకుని పదిహేను నిమిషాలు నిలబడింది. ఆవిడ మీద నాకు కోపం వచ్చింది, ఆవిడ పని ఆవిడ చేస్తోందని తెలిసి కూడా. పదిహేనో నిమిషానికి వంగి చూసి, ఫోన్ తీసి, "బయల్దేరమనండి," అంది. గున్‌వర్ వెళ్ళి కరెంటు స్టవ్ మీద చేపల కూర వెచ్చబెట్టింది.

రెండింటికి ఐలిఫ్‌ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. నవంబరులో వెళ్ళిన మనిషిలో సగమే తిరిగొచ్చింది. ముక్కుకి గొట్టం, పక్కన గుర్రుమంటూ యంత్రం. మంచం మీద పడుకోనని, ముందు కిటికీ దగ్గరికి తోయమన్నాడు. తోశాను. చాలాసేపు బయటికి చూశాడు.

"అబ్బ. ఎంత వికారంగా ఉంది."

"నీ మొహం చూసుకున్నావా ఆ గొట్టంతో," అంది గున్‌వర్.

ఆయన నవ్వాడు, నవ్వు దగ్గైంది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వాడు. ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

ఏడు పలకల్నీ ఆవిడ తుడిచి మంచం పక్కన గోడకి ఆనించి పెట్టింది. ఐలిఫ్ ఒకటి అడిగి ఒళ్ళో పెట్టుకుని, చిత్రిక పట్టిన అంచు వెంట బొటనవేలు పోనిచ్చాడు. "ఇక్కడ చెయ్యి వణికింది," అన్నాడు, ఎవరితోనూ కాదు.

అప్పుడే గోడ మీద హీట్ పంపు లోపలి పెట్టెలోంచి వచ్చే గాలి ఆగిపోయింది.

ఆక్సిజన్ యంత్రం గుర్రు ఒక్కటే మిగిలింది. గున్‌వర్ చేతిలో కాఫీ కెటిల్ గాల్లోనే నిలిచిపోయింది. నెల రోజులుగా అది అలా ఆగినప్పుడల్లా ఆవిడకి నిద్ర లేకుండా పోయింది. బాగానే ఉంది, కరిగించుకుంటోంది అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఐలిఫ్ వేలు ఎత్తాడు, ఆగమన్నట్టు. కిటికీ అవతల నాలుగు కాళ్ళ మధ్యలోంచి తెల్లటి ఆవిరి లేచింది. అడ్డేమీ లేకపోయేసరికి కంచె దాటి సముద్రం వైపు వెళ్ళిపోయింది. ఆయన దాన్నే చూస్తున్నాడు. గోడ గడియారంలో ఒకటి, రెండు, మూడు, నాలుగు నిమిషాలు. బయట టక్కుమంది. పంకా తిరిగింది. మా మొహాల మీదికి వెచ్చటి గాలి వచ్చింది.

ఐలిఫ్ వేలు దించాడు. గున్‌వర్ కాఫీ పోసింది, ముందు ఆయనకి.

"ఈ వీధిలో," అన్నాడు కాసేపటికి, "ఇంకా ఎన్ని గూళ్ళున్నాయి."

"పదకొండు."

"పంపులన్నీ నువ్వు బిగించినవే."

"ఆ గూళ్ళన్నిటినీ మెచ్చుకున్నదాన్ని కూడా నేనే."

ఆయన ఒళ్ళో పలకని పక్కన పెట్టి, కుర్చీని నా వైపు తిప్పమని చేత్తో సైగ చేశాడు. కళ్ళల్లో పాత ఐలిఫ్ కనపడ్డాడు, పడవల షెడ్డులో అందరి మీదా అరిచేవాడు.

"మొదట పెడెర్‌ది. వాడు మేకులు కొట్టుంటాడు, నాకు తెలుసు. ఇవాళే వెళ్ళు. గూడు ముందు నిలబడి ఫోన్ చెయ్యి. ఎక్కణ్ణించి మొదలెట్టాలో చెప్తాను."